మన ఆఫీసు కంప్యూటర్లు లినక్స్‌కి ఎందుకు మార్చాం

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. మాకు అప్పజెప్పిన పని వేరే. ఖర్చు కాని ఒక ఖర్చు గురించి చెప్పాలి. కిందటేడు బడ్జెట్‌లో "కంప్యూటర్ల కొనుగోలు" అని ఒక పద్దు పెట్టుకున్నాం. ఈ ఏడాది జమాఖర్చుల కాగితంలో ఆ పద్దుకి ఎదురుగా సున్నా ఉంది. కాగితం పంచగానే నలుగురైదుగురు అడిగారు, "కొనలేదా? మరి ఆఫీసు పని ఎట్లా నడుస్తోంది?" అని. ఆ సున్నా వెనక ఏం జరిగిందో మీకు చెప్పాలి. ఎందుకంటే అది మీ డబ్బు. ఆ కంప్యూటర్లలో ఉన్నది మీ వివరాలు.

మన ఆఫీసులో మూడు కంప్యూటర్లున్నాయి. రెండు పదేళ్ల కిందట కొన్నవి. మూడోది మూడేళ్ల కిందట వచ్చింది. పాతవి రెండూ కాస్త నెమ్మదిగానైనా పని చేస్తూనే ఉన్నాయి. వాటిలో విండోస్ 10 ఉండేది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోతాయని మైక్రోసాఫ్ట్ చాలా ముందే ప్రకటించింది, ఆ తేదీకి ఆపింది. నమోదు చేసుకున్న వాళ్లకి ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు దాకా గడువిచ్చారు. సరే, విండోస్ 11 వేయిద్దామా అంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలట, ప్రాసెసర్ కూడా ఇంచుమించు 2018 తర్వాతదై ఉండాలట. మన పాత రెండిటికీ ఆ అర్హత లేదు. కాలూ చెయ్యీ బాగానే ఉన్న మనిషికి రిటైర్మెంట్ కాగితం చేతిలో పెట్టినట్టయింది వాటి పని.

అప్‌డేట్లు రాకపోతే ఏమవుతుంది, కంప్యూటర్ ఆగిపోతుందా అని ఈసీ మీటింగులో ఒక వదిన అడిగింది. ఆగదు వదినా. రోజూ లాగే వెలుగుతుంది, రోజూ లాగే ప్రింట్ ఇస్తుంది. అందుకే జనం పట్టించుకోరు. తలుపు గడియ ఊడినా తలుపు మూసే ఉన్నట్టు కనపడుతుంది కదా, అట్లా. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా తిరిగింది. కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లన్నిటికీ తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తామని తెర మీద రాసింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందు, మార్చిలోనే వచ్చింది. వేసుకున్న వాళ్లు బయటపడ్డారు, వేసుకోని వాళ్లు దొరికిపోయారు.

మన కంప్యూటర్లలో ఏమున్నాయి? ప్రతి సభ్యురాలి ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఎంత అప్పు తీసుకుంది, ఎన్ని వాయిదాలు కట్టింది, నామినీ ఎవరు. భర్తకి తెలియకుండా పొదుపు చేసుకునే అక్కల లెక్కలు కూడా అందులోనే ఉన్నాయి. వాటిని గడియ లేని గదిలో పెట్టి కూర్చోలేం.

కొత్తవి కొందామని కొటేషన్లు తెప్పించాం. ఒక్కోటి 40 వేలు దాటింది. ఆఫీసు ప్రోగ్రాములకి వేరే లైసెన్సు, యాంటీవైరస్‌కి ఏటా వేరే. బయట కొన్ని షాపుల వాళ్లు "లైసెన్సు ఎందుకండీ, మేం వేసి పెడతాం" అంటారు, అది దొంగ కాపీ. రూపాయి తేడా వస్తే మూడు గంటలు మీటింగు పెట్టుకునే సమాఖ్యలో దొంగ కాపీ మీద లెక్కలు రాయడమేంటని కార్యవర్గం ఒక్క మాటగా వద్దంది. పైగా కాపీలు తెచ్చే ఆ పెన్‌డ్రైవులతోనే సగం వైరస్‌లు వస్తాయి.

అట్లాంటప్పుడు మన గ్రామ సంఘం అక్క ఒకామె కూతురు, పాలిటెక్నిక్ చదివే అమ్మాయి, ఒక మాట చెప్పింది. "పిన్నీ, కంప్యూటర్ పాడవలేదు కదా, లోపలి సిస్టమ్ మార్చండి చాలు" అని.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. కంప్యూటర్ అంటే పెట్టె, తెర, మీటలు. వాటన్నిటినీ కలిపి నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్. మీట నొక్కితే అక్షరం తెర మీదికి రావడం, ఫైలు దాచిన చోట దొరకడం, ప్రింటర్‌కి కబురు వెళ్లడం, అన్నీ దాని చేతుల మీదుగానే జరుగుతాయి. విండోస్ అట్లాంటిదొకటి. లినక్స్ ఇంకొకటి. తేడా ఎక్కడంటే, లినక్స్ ఎట్లా తయారైందో రాసిన పాఠం మొత్తం బయట పెట్టి ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, వాడచ్చు, మార్చుకోవచ్చు, కాపీ తీసి పక్క వాళ్లకివ్వచ్చు. ఇవ్వడం దొంగతనం కాదు, లైసెన్సే అట్లా రాసుంది.

ఇది ఎక్కడ మొదలైంది అంటే, 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, సాఫ్ట్‌వేర్ తాళం వేసి అమ్ముకునే సరుకు కాకూడదని గ్నూ అనే పని మొదలుపెట్టాడు. 1991లో ఫిన్లాండ్ దేశంలో హెల్సింకి యూనివర్సిటీలో చదువుకునే లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రాడు తన కంప్యూటర్ కోసం ఒక చిన్న మూలభాగం రాసి, చూసి బాగుచేయండని అందరి ముందూ పెట్టాడు. అదే లినక్స్. రెండూ కలిశాయి. అప్పటి నుంచి దేశదేశాల వాళ్లు తలా ఒక చెయ్యి వేస్తూ వచ్చారు. ఇప్పుడు ప్రపంచంలో అన్నిటికంటే వేగమైన 500 సూపర్ కంప్యూటర్లు ఉన్నాయే, 2017 నవంబరు నుంచి ఆ జాబితాలో ప్రతి ఒక్కటీ లినక్స్ మీదే నడుస్తోంది. అంత దూరం ఎందుకు, మీ చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల లోపలి మూలభాగం కూడా లినక్సే. మనం పేరు తెలియకుండా ఏళ్ల తరబడి వాడుతున్నాం.

ఇంగ్లీషులో దీన్ని ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటారు. ఆ ఫ్రీ అంటే డబ్బు లేకుండా అనా, బంధం లేకుండా అనా అని వాళ్లకి ఎప్పుడూ తికమకే. మనకి ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరే మాట, స్వేచ్ఛ వేరే మాట. హైదరాబాదులో ఈ పని చేసే వాళ్లు తమ సంస్థకి స్వేచ్ఛ అనే పేరు పెట్టుకున్నారు. మెనూలూ బొత్తాలూ తెలుగులో కనపడేలా లినక్స్‌ని తయారు చేశారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007 ప్రాంతంలోనే బాస్ అనే పేరుతో మన దేశ భాషల లినక్స్‌ని తెచ్చింది. 2015లో కేంద్రం తన ఆఫీసుల్లో ఓపెన్ సోర్స్‌కి ముందు చోటివ్వాలని ఒక విధానమే ప్రకటించింది. విధానం కాగితం మీద ఎంత, ఆఫీసుల్లో ఎంత అనేది మీకు తెలిసిందే.

కాగితం దాటి చేసి చూపించింది కేరళ. అక్కడ ప్రభుత్వ బడుల్లో పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటారు, పదో తరగతి కంప్యూటర్ పరీక్ష కూడా దాని మీదే రాస్తారు. మనకి వెలుగు ఎట్లాగో వాళ్లకి కుటుంబశ్రీ అట్లా. ఆ సంఘాల ఆడవాళ్ల పిల్లలు అక్కడ ఎనిమిదో తరగతిలో చేసే పని మనం చేయలేమా అన్నదే కార్యవర్గంలో చాలామందికి ధైర్యం ఇచ్చింది.

అయితే మన వాళ్లు ఊరికే ఒప్పుకునే రకం కాదు. ఒక పెద్దమ్మ లేచి, "ఊరికే ఇచ్చేవాడికి ఏం లాభం? ఆ లోన్ యాప్ వాళ్లు కూడా ఊరికేనే అన్నారు" అంది. ఆ ప్రశ్న సబబైనదే. లోన్ యాప్ దించుకుని, ఫోన్‌లో నంబర్లన్నీ వాళ్లకి పోయి, చుట్టాలందరికీ బూతు మెసేజీలు వెళ్లి ఏడ్చిన ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి. కాబట్టి జవాబు తెలుసుకునే అడుగేశాం. లినక్స్ మీద పని చేసేవాళ్లలో ఎక్కువమంది జీతం తీసుకునే ఇంజినీర్లే. ఐబీఎం, ఇంటెల్, గూగుల్ లాంటి పెద్ద కంపెనీలు వాళ్ల సొంత వ్యాపారం లినక్స్ మీద నడుస్తుంది కాబట్టి దాన్ని బాగుచేయడానికి మనుషుల్ని పెడతాయి. అందరూ నడిచే రోడ్డుకి అందరూ మట్టి పోసినట్టు. మనం వేసుకున్న లినక్స్ మింట్ అనేది 2006లో మొదలైంది, అది వాడేవాళ్ల విరాళాలతో, స్పాన్సర్ల డబ్బుతో నడుస్తోంది. ఇంకో మాట. లోన్ యాప్ లోపల ఏం చేస్తుందో ఎవరికీ చూపించరు. ఇక్కడ లోపలి పాఠం బయటే ఉంది. అది మనకి చదవడం రాదు, నిజమే. కానీ మన సంఘం పుస్తకాలు కూడా అందరికీ చదవడం రాదు. అయినా పుస్తకం మధ్యలో తెరిచి పెట్టి, అందరి ముందూ రాయాలని ఎందుకు పట్టుబడతాం? చదవగలిగిన వాళ్లెవరో ఒకరు చూస్తారని రాసేవాళ్లకి తెలియాలి, అంతే.

పని ఎట్లా చేశామో చెప్తాం. ముందు మూడు కంప్యూటర్లలో ఉన్న ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఒకసారి, వేరే పెన్‌డ్రైవులోకి ఇంకోసారి కాపీ తీశాం. ఈ పని తర్వాత చేద్దాం అనుకునేది కాదు. కొత్త సిస్టమ్ వేసేటప్పుడు పాతవన్నీ చెరిగిపోతాయి. తర్వాత ఆ అమ్మాయి 8 జీబీ పెన్‌డ్రైవులో లినక్స్ మింట్ ఎక్కించి తెచ్చింది. ఇందులో మాకు బాగా నచ్చిన సంగతి ఏంటంటే, కంప్యూటర్‌లో ఏమీ మార్చకుండానే పెన్‌డ్రైవు నుంచే నడిపి చూసుకోవచ్చు. చీర కొనే ముందు భుజం మీద వేసుకుని చూసినట్టే. వారం రోజులు అట్లాగే నడిపాం. నెట్ వస్తుందా, సౌండు వస్తుందా, మన లెక్కల పోర్టల్ తెరుచుకుంటుందా, తెలుగు సరిగా కనపడుతుందా, అన్నీ రాసుకున్నాం. పోర్టల్ ఫైర్‌ఫాక్స్‌లో బాగానే తెరుచుకుంది. అప్పుడు తీర్మానం రాసుకుని ఎక్కించాం.

రెండు పాత కంప్యూటర్లకీ పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డి పెట్టించాం, ర్యామ్ 4 నుంచి 8 జీబీ చేయించాం. రెండిటికీ కలిపి అయిన ఖర్చు రిపేర్ల పద్దులో కనపడుతుంది, చూడండి. ఒక కొత్త కంప్యూటర్ ధరలో ఐదో వంతు కూడా కాలేదు. ఇదివరకు స్విచ్ వేసి, టీ తాగి వస్తే గానీ తెరుచుకునేది కాదు. ఇప్పుడు కుర్చీ లాక్కునేలోపు తెరుచుకుంటోంది. ఆ వేగంలో సగం లినక్స్ వల్ల, సగం ఆ ఎస్ఎస్‌డి వల్ల. మొత్తం లినక్స్ ఘనతే అని చెప్పడం సరికాదు.

లిబ్రేఆఫీస్ అని దానితోనే వస్తుంది. ఉత్తరాలు, పట్టికలు, కూడికలు అందులోనే. పాత ఎక్సెల్ ఫైళ్లు తెరుచుకున్నాయి, మొత్తాలు సరిపోయాయి. ఒక్క ఫైలు మాత్రం, బొత్తాం నొక్కితే తనంతట తనే లెక్క వేసే మాక్రోలు ఉన్నది, మొరాయించింది. దాన్ని కొత్తగా మామూలు ఫార్ములాలతో మన అకౌంటెంట్ చెల్లెలు తిరిగి కట్టింది.

తెలుగు సంగతికి వద్దాం. మాలో ఎక్కువమంది పది చదివినోళ్లం, ఇంగ్లీషు మీటల మీద తెలుగు కొట్టడమంటేనే జంకు. లినక్స్‌లో తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు కొడితే తెలుగు పడే ఆర్‌టీఎస్ పద్ధతీ ఉంది. డీటీపీలో చేసి అలవాటైన వాళ్లకి ఇన్‌స్క్రిప్ట్, కొత్త వాళ్లకి ఆర్‌టీఎస్ అనుకున్నాం. అసలు ఇబ్బంది ఇంకోచోట వచ్చింది. మన పాత వార్షిక నివేదికలన్నీ డీటీపీ సెంటర్‌లో పాత రకం ఫాంట్లతో కొట్టించినవి. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తాయి. తప్పు లినక్స్‌ది అనుకుంటారు గానీ, ఆ ఫైలు మీ ఫోన్‌లో తెరిచినా అంతే. యూనికోడ్‌లో కొట్టింది మాత్రం ఏ ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే ఉంటుంది. కాబట్టి సమాఖ్య నియమావళి మొత్తం మళ్లీ యూనికోడ్‌లో కొట్టాం. నలభై పేజీలు, పదకొండు రోజులు, ముగ్గురం వంతులు వేసుకుని. మీ చేతిలో ఉన్న ఈ నివేదిక కూడా ఆఫీసులోనే, లినక్స్ మీదే తయారైంది. పేజీ అంకెలు రెండు చోట్ల జరిగాయి, ఓర్చుకోండి.

ఇక కానివి. మూడో కంప్యూటర్‌లో విండోస్ 11 అట్లాగే ఉంచాం, అది కావాలనే ఉంచాం. వేలిముద్ర మిషన్‌కి దాని కంపెనీ ఇచ్చే ప్రోగ్రాము విండోస్‌కే ఉంది. ఆడిటర్ గారు టాలీలోనే లెక్క అడుగుతారు, టాలీ లినక్స్ మీద నేరుగా నడవదు. దొడ్డిదారులు ఉన్నాయట గానీ, లెక్కల విషయంలో దొడ్డిదారి మాకొద్దు. ఉన్న మూడింటినీ మార్చేయాలనే పంతం ఎవరికీ లేదు. పనిని బట్టి మిషన్, అంతే. పాత లేజర్ ప్రింటర్ ఒకటి లినక్స్ మాట వినడం లేదు. ఆ కంపెనీ లినక్స్‌కి సరైన డ్రైవర్ ఇవ్వలేదు. ప్రస్తుతానికి పీడీఎఫ్ చేసి మూడో కంప్యూటర్‌లో ప్రింటు తీస్తున్నాం. ఇది చికాకే, కాదనం. రేపు ప్రింటర్ కొనేటప్పుడు "లినక్స్‌కి పనిచేస్తుందా" అని అడిగి కొనాలని తీర్మానంలో రాశాం.

వైరస్ రాదని ఎవరైనా చెప్తే నమ్మకండి. విండోస్ కోసం రాసిన వైరస్‌లు దీని మీద నడవవు కాబట్టి బెడద బాగా తక్కువ, అప్‌డేట్లు కూడా వస్తూనే ఉంటాయి. మనం వేసుకున్న మింట్ 22కి 2029 దాకా వస్తాయి. కానీ ఓటీపీ అడిగి దోచుకునే వాడికి మీ కంప్యూటర్‌లో ఏముందో అక్కర్లేదు, మీరు ఫోన్‌లో చెప్పే మాట చాలు. పెళ్లి శుభలేఖ అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు నొక్కితే ఫోన్ లోపల లినక్స్ ఉన్నా ఖాతా ఖాళీ అవుతుంది. దానికి మందు మన జాగ్రత్త ఒక్కటే.

ఇంకో భయం కొందరికి ఉంది. ఆ అమ్మాయి చదువు అయిపోయి ఉద్యోగానికి వెళ్లిపోతే మన గతేంటి అని. ఆ భయం మాకూ ఉంది. అందుకే ఎక్కించిన రోజు ఒక్కో మెట్టూ తెలుగులో నోటు పుస్తకంలో రాసుకున్నాం. ఏ బొత్తాం నొక్కాలి, ఏం అడుగుతుంది, ఏం చెప్పాలి, పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గర ఉండాలి. రెండో కంప్యూటర్‌కి ఆ అమ్మాయి పక్కన కూర్చుంది, అంతే. ఎక్కించింది మన అకౌంటెంటూ, ఇద్దరు వీఓఏలూ. కొత్తది నేర్చుకున్న మొదటి నెల రోజులు తిట్టుకుంటూనే పని చేశారు, దాచడం ఎందుకు. ఫైలు ఎక్కడ సేవ్ అయిందో దొరక్క ఒక రోజు సాయంత్రం ఏడు దాకా ఆఫీసులోనే ఉన్నారు. రెండో నెలలో ఆ మాటలు తగ్గాయి.

మీ ఇళ్లల్లో పిల్లల చదువుకి కొన్న పాత ల్యాప్‌టాపులు మూల పడి ఉంటే పారేయకండి, తూకానికి వేయకండి. 4 జీబీ ర్యామ్ ఉన్నా మింట్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలిక రకం నడుస్తుంది. వచ్చే నెల రెండో శనివారం పొద్దున పది గంటలకి సమాఖ్య ఆఫీసులో చూపిస్తాం. ల్యాప్‌టాపు, ఛార్జరు, ఖాళీ 8 జీబీ పెన్‌డ్రైవు తెచ్చుకోండి. అందులో ఉన్న ఫొటోలు, సర్టిఫికెట్లు ముందే వేరేచోట కాపీ తీసుకుని రండి. కాపీ లేకుండా వస్తే పెన్‌డ్రైవు నుంచి నడిపి చూపిస్తాం గానీ, లోపల ఎక్కించం. ఇంటర్ ప్రాక్టికల్స్ ఉన్న పిల్లలు, వాళ్ల కాలేజీలో ఏ ప్రోగ్రాము అడుగుతున్నారో కనుక్కుని రావాలి. అది విండోస్‌లోనే నడిచేదైతే మార్చొద్దనే చెప్తాం.

కొనుగోలు పద్దులో మిగిలిన డబ్బు ఏం చేయాలనేది మధ్యాహ్నం భోజనాల తర్వాత అజెండాలో ఏడో అంశం. కార్యవర్గం తరఫున ఒక ప్రతిపాదన ఉంది. కుట్టు పని నేర్చుకున్న ఆరుగురు చెల్లెళ్లు మోటారు మిషన్ల కోసం అడుగుతున్నారు, వాళ్లకి అప్పుగా ఇద్దామని. ప్రింటర్ కొందామనే వాళ్లూ ఉన్నారు. మీ మాట మీరు చెప్పండి, చేతులెత్తి తేల్చుకుందాం. సెలవు.